కిలోకి ఎంత పడుతోంది?



సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మీ వీధి చివరి కిరాణం కొట్టు దగ్గర ఎవరెవరు నిలబడి ఉంటారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీది సూర్యాపేట కావచ్చు, కోదాడ కావచ్చు, మిర్యాలగూడ కావచ్చు. నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు ఉంటారు. మిల్లులో బస్తాలు మోసి వచ్చిన హమాలీలు ఉంటారు. తాపీ పని నుంచి నేరుగా వచ్చినవాళ్ళు ఉంటారు. అందరి చేతిలోనూ ఆ రోజు కూలి డబ్బులే.

"అన్నా, ముప్పై రూపాయల నూనె పొయ్యి. ఇరవై రూపాయల కందిపప్పు. పది రూపాయల చాయ్‌పత్తి. కారం పొట్లం ఒకటియ్యి. ఉల్లిగడ్డ పది రూపాయలకి తూచు."

కొట్టాయన పప్పు తూచి కాగితంలో పొట్లం కడతాడు. డబ్బాలోంచి నూనె తీసి చిన్న కవర్లో పోసి మూతి ముడేస్తాడు. కారం పొట్లం ఇరవై. అంతా కలిపి తొంభై. ఆమె ఎనభై చేతిలో పెడుతుంది. "పది రాసుకో అన్నా, ఐతారం ఇస్తా."

ఇందులో దుబారా ఎక్కడుందో చెప్పండి. ఒక్క పైసా కూడా లేదు. తెచ్చుకున్నవన్నీ ఆ పూట వంటకి కావలసినవే. అయినా ఆ సంచిలోని చాలా సరుకులకి, నెలకోసారి బండేసుకొచ్చి అన్నీ ఒకేసారి తీసుకెళ్ళే ఇంటికంటే ఆమె ఎక్కువ ధర కట్టింది. మళ్ళీ చెబుతాను వినండి. తక్కువ డబ్బున్న ఇల్లే కిలోకి ఎక్కువ ధర కడుతోంది. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే.

బియ్యంతో మొదలుపెడదాం. మనది వరి పండే నేల. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశారు. ఆ తరవాత ఎడమ కాలువ నీళ్ళు ఈ ప్రాంతానికి వచ్చాయి. మిర్యాలగూడ చుట్టూ మిల్లుల మీద మిల్లులు లేచాయి. ఇక్కడి బియ్యం ఎక్కడెక్కడి ఊళ్ళకో పోతుంది. కానీ ఆ మిల్లుల పక్కనే కాపురముండే ఇంట్లో సన్నబియ్యం అన్నం వండుకోవడం చాలాకాలం పండగ ముచ్చటే. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం తెచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళలో రెండు పూటలా పొయ్యి వెలిగిందో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. ఆ తరవాత రేటు మారుతూ వచ్చింది, పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. దొడ్డు బియ్యం మాత్రం మారలేదు. తినలేక చాలామంది ఆ బియ్యాన్ని అగ్గువకి అమ్మేసి, పైన డబ్బులు కలిపి సన్నబియ్యం కొనుక్కునేవారు.

2025 మార్చి 30న, ఉగాది రోజున, మన హుజూర్‌నగర్‌లోనే సన్నబియ్యం పథకం మొదలైంది. రేషన్ కార్డున్న ఇంట్లో మనిషికి నెలకి ఆరు కిలోలు, ఉచితంగా. నలుగురున్న ఇంటికి ఇరవై నాలుగు కిలోలు. కిలో యాభై వేసుకున్నా నెలకి పన్నెండు వందలు మిగిలినట్టే. ఇది చిన్న విషయం కాదు. ఈ బియ్యం తెచ్చుకుని తింటున్నవాళ్ళకి దాని విలువ తెలుసు. కొత్తగా పెళ్ళయి వేరు కాపురం పెట్టినవాళ్ళు, పిల్లల పేర్లు ఇంకా ఎక్కనివాళ్ళు, కార్డు సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. పేరు ఎక్కితేనే ఆరు కిలోలు.

మరి బియ్యం వచ్చింది కదా, సమస్య తీరినట్టేనా? తీరలేదు. ఎందుకు తీరలేదో చూడండి.

కేంద్ర ప్రభుత్వం 2023–24లో దేశమంతటా ఇంటింటి ఖర్చుల మీద సర్వే చేసింది. ఆ సర్వే ప్రకారం పల్లెల్లో ఇంటి ఖర్చు వంద రూపాయలైతే అందులో 47 రూపాయలు తిండికే పోతున్నాయి. అంటే దగ్గర దగ్గర సగం. ఆ 47లో బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల వంతు సుమారు ఐదు రూపాయలే. మిగతాదంతా పాలు, కూరగాయలు, పప్పు, నూనె, గుడ్లు, మాంసం, చాయ్, బిస్కెట్లు, బయట తిండి. భారం బస్తాలోంచి పొట్లాల్లోకి మారిందన్నమాట. అన్నం ఉంది. అన్నంలోకి ఏమిటన్నది ఇప్పటి ప్రశ్న.

ఈ ప్రశ్నకి ఒకప్పుడు ప్రభుత్వమే జవాబు చెప్పబోయింది. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో 'అమ్మహస్తం' అని ఒక సంచి ఇచ్చారు, గుర్తుందా? కందిపప్పు, పామాయిల్, గోధుమలు, గోధుమపిండి, చక్కెర, ఉప్పు, కారం, చింతపండు, పసుపు. తొమ్మిది సరుకులు, 185 రూపాయలు. చింతపండు బాగాలేదని, కారం బాగాలేదని ఫిర్యాదులు వచ్చిన మాట నిజమే. కానీ వంటింటికి కావలసింది బియ్యం ఒక్కటే కాదని ఆ సంచి ఒప్పుకుంది. ఇప్పుడు రేషన్ షాపులో ప్రధానంగా బియ్యమే. ఆ పప్పు, ఆ నూనె మళ్ళీ రేషన్‌లో రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. అవి వచ్చేదాకా కొట్టు దగ్గర మన కళ్ళు మనం తెరిచి పెట్టుకోవాలి.

ఇక కొట్టు దగ్గరికి వద్దాం. అడగవలసిన ప్రశ్న ఒకటే. కిలోకి ఎంత పడుతోంది? ప్యాకెట్ ఎంత అని కాదు. కిలోకి ఎంత?

లెక్క కోసం ఒక కారం పొట్లం అనుకుందాం. పొట్లం ఇరవై రూపాయలు. లోపల యాభై గ్రాములు. ఇరవై రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ యాభై గ్రాముల పొట్లాలు ఇరవై కలిస్తేగానీ కిలో కాదు. అంటే కిలో కారం నాలుగు వందలు పడింది. అదే ఎండాకాలంలో ఎండుమిర్చి కొని, తొడిమలు తీసి, రెండు రోజులు ఎండలో పోసి, గిర్నిలో పట్టించుకుంటే ఎంత పడుతుందో మీ ఊరి రేటు చూసి మీరే లెక్కేయండి. తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఈ లెక్క మనం వేయనక్కర లేకుండా ఇప్పుడు ప్యాకెట్ మీదే ఉంటుంది. ఎమ్మార్పీ అచ్చేసిన చోట దాని పక్కనో కిందో ఇంకో అంకె ఉంటుంది. గ్రాముకి ఇంత, లేదా కిలోకి ఇంత అని. కిలో కంటే చిన్న ప్యాకెట్ అయితే గ్రాము లెక్కన ఉంటుంది. గ్రాముకి ఇరవై పైసలు అని ఉంటే కిలో రెండు వందలు. గ్రాముకి నలభై పైసలు అని ఉంటే కిలో నాలుగు వందలు. అక్షరాలు చిన్నవి, నిజమే. పదో తరగతి చదివే మీ అమ్మాయినో అబ్బాయినో పక్కన నిలబెట్టుకోండి. వాళ్ళు చిటికెలో చదివి చెబుతారు.

అది చదవడం మొదలుపెడితే కొన్ని వింతలు కనిపిస్తాయి. చిన్న ప్యాకెట్ ప్రతిసారీ ఖరీదు కాదు. షాంపూ చూడండి. రూపాయి, రెండు రూపాయల సాషేలే చాలాసార్లు పెద్ద సీసా కంటే చవకగా పడతాయి. పెద్దది కొంటే కలిసొస్తుందన్న నమ్మకంతో సీసా కొన్నవాళ్ళు ఎక్కువ కట్టినట్టు. అందుకే నమ్మకం కాదు, అంకె చూడాలి. కిలోకి ఎంత, లీటరుకి ఎంత.

నూనె ప్యాకెట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక లీటరు వంటనూనె తూకం వేస్తే సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న నూనె ప్యాకెట్ తీసుకురండి. మీద ఎంత రాసి ఉందో చూడండి. కొన్నిటి మీద 910 గ్రాములు ఉంటుంది. కొన్నిటి మీద 850 ఉంటుంది. 800, 750 గ్రాములవి కూడా బజార్లో ఉన్నాయి. చూడటానికి అన్నీ లీటరు ప్యాకెట్లలాగే ఉంటాయి. "ఈ కంపెనీది పది రూపాయలు తక్కువ" అని తీసుకుంటాం. పది రూపాయలు తగ్గింది, నూనె కూడా తగ్గింది. ధర తగ్గించుకున్నామనుకుని ఇంటికొస్తాం, నెలాఖరుకి నాలుగు రోజుల ముందే ప్యాకెట్ అయిపోతుంది.

మన ప్రాంతంలో బాగా తెలిసిన ఇంకో సంగతి, బియ్యం బస్తా. పాతిక కిలోల బస్తా పక్కన ఇరవై ఆరు కిలోల బస్తా ఎందుకు పుట్టిందో మీలో ఎంతమందికి తెలుసు? 2022 జులై 18 నుంచి, ముద్ర వేసి సీలు చేసిన, పాతిక కిలోల దాకా ఉన్న బియ్యం బస్తా మీద ఐదు శాతం జీఎస్టీ పడింది. పాతిక దాటితే పన్ను లేదు. అందుకని మిల్లులవాళ్ళు ఇంకో కిలో కలిపి ఇరవై ఆరు చేశారు. కొనేవాళ్ళకీ అది మేలే. కానీ పాతిక కిలోల రేటునీ ఇరవై ఆరు కిలోల రేటునీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. మళ్ళీ అదే ప్రశ్న. కిలోకి ఎంత?

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది. సబ్బులు, టూత్‌పేస్టు, బిస్కెట్లు, నెయ్యి లాంటివాటి మీద ఐదు శాతానికి దిగింది. మంచిదే. కానీ వంటనూనె మీద అంతకుముందూ ఐదే, తరవాతా ఐదే. విడిగా అమ్మే పప్పు మీద ముందునుంచీ పన్ను లేదు. అందుకే మన చిట్టీలో అన్నిటికంటే బరువైన ఆ రెండిటి దగ్గర మనకి ఊరట తెలియలేదు. నూనె రేటు మన చేతిలోనూ లేదు, కొట్టాయన చేతిలోనూ లేదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాలదే. ఇండోనేషియా, మలేషియాల నుంచి పామాయిల్, ఉక్రెయిన్, రష్యాల వైపు నుంచి సన్‌ఫ్లవర్. 2022లో అక్కడ యుద్ధం మొదలైతే ఇక్కడ మన మూకుడులో నూనె తగ్గింది. 2024 సెప్టెంబరులో ఇక్కడి నూనెగింజల రైతుకి మంచి ధర రావాలని కేంద్రం దిగుమతి సుంకం పెంచింది. సరిగ్గా దసరా ముందు. రైతుకి ధర రావాలి, కాదనను. ఆ పండక్కి గారెలు తగ్గించుకున్న ఇళ్ళ మాటా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

కూరగాయల దగ్గరికి వస్తే లెక్క వేరు. ఇక్కడ ధరని నిర్ణయించేది కాలం. 2023 జులైలో టమాట కిలో వంద దాటి, కొన్నిచోట్ల నూట యాభై కూడా దాటింది. మనకి ఎండాకాలం చివరి నుంచి స్థానికంగా టమాట ఉండదు. మదనపల్లె వైపు నుంచి రావాలి. అక్కడ పంట దెబ్బతింటే ఇక్కడ ధర ఆకాశానికి. అదే ఏడాది సెప్టెంబరు వచ్చేసరికి రైతులు గిట్టుబాటు కాక టమాటలు పారబోశారు. రెండు నెలల తేడా. ఎంత అన్యాయమో చూడండి, అటు రైతుకీ ఇటు ఇల్లాలికీ.

మన అమ్మమ్మలు దీనికి దారి కనిపెట్టారు. వరుగులు. మాఘమాసంలో టమాట, వంకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు అగ్గువకి దొరికినప్పుడు ముక్కలు కోసి, ఉప్పు రాసి, మంచం మీద పాత చీర పరిచి ఎండబెట్టేవాళ్ళు. మూడు నాలుగు ఎండలు చూసిన ముక్క చేత్తో విరిస్తే పట్‌మని విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టు, బూజు పడుతుంది. వానాకాలంలో కూర లేని రోజున పిడికెడు వరుగులు నానబెట్టి పప్పులో వేస్తే ఇంటిల్లిపాదికీ కూర. ఇదేదో పాతకాలపు ముచ్చట అని పక్కన పెట్టకండి. టమాట వంద దాటినప్పుడు ఆ డబ్బా విలువ తెలుస్తుంది.

అంగడికి ఏ వేళకి వెళ్ళాలన్నది కూడా లెక్కే. పొద్దున తాజాగా ఉంటుంది, రేటు ఎక్కువ. పొద్దుగూకే వేళకి రైతు ఇల్లు చేరాలి, మిగిలింది తిరిగి మోసుకుపోలేడు, రేటు దిగుతుంది. ఆకుకూర మాత్రం పొద్దునే కొనండి. సాయంత్రానికి వాడిన పాలకూర చవకగా వచ్చినా సగం పారేయాలి. ఒక్క మాట, చేతులెత్తి అడుగుతున్నా. గంప ముందు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ దగ్గర రెండు రూపాయల కోసం గీచి గీచి బేరమాడకండి. రైతులు దళారి లేకుండా నేరుగా అమ్ముకోవాలనే 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు మొదలుపెట్టారు. ఆ బజార్లో ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. ఆ బోర్డు చదివి లోపలికి వెళ్ళండి, బయట కొనాల్సి వచ్చినా మీకొక అంచనా ఉంటుంది. కూరగాయలకే కాదు, కోడి కూర తినేవాళ్ళకీ కలిసొచ్చే కాలం ఉంది, శ్రావణం, కార్తీకం. పూజలు, నోములతో చాలా ఇళ్ళు మాంసం మానేసే ఆ నెలల్లో కోడి రేటు దిగుతుంది.

ఇప్పుడు ఉద్దెర గురించి. ఇది కాస్త నెమ్మదిగా మాట్లాడుకోవాలి.

మన ఊళ్ళకి ఇప్పుడు పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు వచ్చాయి. ఏసీ ఉంటుంది, ఆఫర్లుంటాయి. కొన్ని సరుకులు నిజంగానే చవక. పప్పు, ఉప్పు కోసం వెళ్ళినవాళ్ళు లోపలంతా తిరగాలి, తిరిగేదారిలో చిప్స్, చాక్లెట్లు పిల్లల కంటికి అందే ఎత్తులో పెట్టి ఉంటాయి. చిట్టీ రాసుకుని వెళ్ళి, చిట్టీలో ఉన్నవే తెచ్చుకోగలిగితే లాభమే. కానీ పని దొరకని వారంలో ఆ సూపర్ మార్కెట్ పావుకిలో పప్పు ఉద్దెర ఇవ్వదు. మీ వీధి కిరాణం ఆయన ఇస్తాడు. పేరు అడగడు, కాగితం అడగడు. ఇంట్లో జ్వరమొస్తే "పైసలు తర్వాత చూద్దాంలే అక్కా" అంటాడు. ఆ మాటకి వెల కట్టలేం. అందుకే కిరాణం కొట్టు రేటు రెండు రూపాయలు ఎక్కువైనా నేను దాన్ని మోసం అనను.

అయితే ఉద్దెరకి ఒక బంధనం ఉంది. ఖాతా ఉన్నచోట రేటు అడగలేం. పాత బాకీ ఉన్నప్పుడు "పప్పు అక్కడ తక్కువకి ఇస్తున్నారు అన్నా" అని నోరు పెగలదు. పక్క కొట్టుకి వెళ్తే చూస్తాడేమోనని సందు తిప్పుకుని వెళ్ళాలి. అక్కలారా, ఖాతా ఉంటే ఉండనివ్వండి. కానీ మీ దగ్గర కూడా ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఏ రోజు ఏం తెచ్చారో, ఎంత రాశారో, ఎంత కట్టారో. రెండు పుస్తకాలు నెలకోసారి పక్కపక్కన పెట్టి చూసుకుంటే స్నేహం చెడదు, లెక్క కూడా తప్పదు.

తూకంలోనో ధరలోనో నిజంగానే మోసం జరిగితే మాత్రం ఊరుకోవద్దు. ఎమ్మార్పీకి మించి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. మిఠాయి తూచేటప్పుడు అట్టపెట్టె బరువు కలపకూడదు. ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల ఫోన్ నంబర్ ఉంది. 1915. ఒకటి, తొమ్మిది, ఒకటి, ఐదు. రాసుకోండి. ఇంకోసారి చెబుతున్నా, 1915.

మొదట చెప్పిన మాట దగ్గరికి వద్దాం. తక్కువ డబ్బున్న ఇల్లు కిలోకి ఎక్కువ కడుతోంది, ఎందుకంటే ఒకేసారి ఎక్కువ కొనలేదు. ఒక్క ఇల్లు కొనలేదు, సరే. పది ఇళ్ళు కలిస్తే?

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 'వెలుగు', ఆ తరవాత ఇందిరా క్రాంతి పథం నడిచిన రోజుల్లో పొదుపు సంఘాల ఆడవాళ్ళు ఎన్నో ఊళ్ళలో చేసి చూపించారు. ఏ ఇంటికి నెలకి ఎంత బియ్యం కావాలో సంఘంలో కూర్చుని లెక్క రాసేవాళ్ళు. గ్రామ సంఘం డబ్బుతో ఒకేసారి టోకున కొనేవాళ్ళు. సభ్యులకి అప్పుగా పంచేవాళ్ళు. కూలి డబ్బులు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా కట్టేవాళ్ళు. రేటు టోకుది, కట్టడం మాత్రం చిల్లరగా. ఆ ఆడవాళ్ళలో చాలామందికి చదువు లేదు. తూకం మాత్రం వేలెత్తి చూపే వీలు లేకుండా వేశారు.

అప్పుడు బియ్యం. ఇప్పుడు బియ్యం రేషన్‌లో వస్తోంది కాబట్టి అదే పని కందిపప్పుతో చేయవచ్చు. సంక్రాంతి దాటాక కొత్త కందులు వస్తాయి. తుంగతుర్తి, తిరుమలగిరి వైపు మెట్ట పొలాల్లో కంది వేస్తారు. పంట చేతికొచ్చిన రోజుల్లో కందులు కొంటే ధర దిగి ఉంటుంది. పూర్వం కందులు నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, ఎండబోసి, విసుర్రాయిలో విసిరి బద్దలు చేసుకునేవాళ్ళు. ఇప్పుడు అంత కష్టం అక్కర్లేదు, పప్పు మిల్లులో ఆడించవచ్చు. వంద కిలోల కందులకి డెబ్బై కిలోలకి అటూ ఇటూగా పప్పు వస్తుంది. పొట్టు, చూర బర్రెలకి దాణా. పది ఇళ్ళు పంచుకుంటే ఒక్కో ఇంటికి ఏడు కిలోలు. ఎండబెట్టి గాలి చొరబడని డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఎండిన వేపాకు వేసి మూత పెడితే పురుగు దరిచేరదు.

సంఘంలో ఉన్న అక్కలకి నాదొక విన్నపం. వచ్చే సమావేశంలో అప్పుల వాయిదాల లెక్క అయిపోయాక లేచి వెళ్ళిపోకండి. ఓ పావుగంట కూర్చోండి. ఏ ఇంటికి నెలకి ఎంత పప్పు, ఎంత నూనె, ఎంత చింతపండు కావాలో ఒక కాగితం మీద రాయండి. దాన్ని పట్టుకుని ఇద్దరు మీ ఊరి టోకు కొట్టుకి వెళ్ళి రేటు అడగండి. అడిగి రావడానికి డబ్బు ఖర్చు లేదు. ఆ రేటునీ మీ వీధి రేటునీ పక్కపక్కన రాసి అందరికీ చదివి వినిపించండి. కొనాలో వద్దో, ముందు పప్పుతో మొదలుపెట్టాలో నూనెతోనో, ఎవరు తూచాలో, ఎవరి ఇంట్లో దింపాలో అప్పుడు మీరే తేల్చుకుంటారు.